ఆగస్టులో ఎండిన చేను, జూలైలో తగిలిన దెబ్బ

మాది నిర్మల్ జిల్లా, మహారాష్ట్ర సరిహద్దు పక్కన. నాలుగెకరాల నల్లరేగడి. 2023 వానాకాలంలో ఎగువ రెండెకరాల్లో జేఎస్ 335, దిగువ రెండెకరాల్లో ఫూలే సంగం వేశాను, రెండూ సోయ (సోయాబీన్) రకాలే. మొదటిది జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రకం, బాపు ఏళ్ల తరబడి వేసిందే, వంద రోజుల లోపు చేతికొస్తుంది. రెండోది కేడీఎస్ 726, రాహురి విశ్వవిద్యాలయం వాళ్లది, ఇంకొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. ధర్మాబాద్‌లో ఉండే మా బామ్మర్ది పంపాడు. "బావా, చెట్టు గుబురుగా కమ్ముతది. విత్తనం తక్కువ పొయ్, సాళ్లు దూరం పెట్టు" అన్నాడు. సగమే విన్నాను. విత్తనం తగ్గించాను గానీ సాళ్లు పాత గొర్రు ఎడంలోనే పడ్డాయి.

ఆ ఏడు వానలు ఆలస్యం. విత్తేసరికి జూలై వచ్చింది. నెలాఖర్లో కడెం ప్రాజెక్టు గేట్ల మీంచి నీళ్లు దూకిన వారం మా చేనూ చెరువైంది. ముఖ్యంగా దిగువన గట్టు పక్కనున్న అరెకరం. గిన్నెలాంటి పల్లం, నాలుగు రోజులు నీరు కదల్లేదు. మొక్కలు పసుపెక్కాయి. మందుల దుకాణంలో ఒక డబ్బా అంటగట్టారు, కొట్టాను. పది రోజులకు ఆకు పచ్చబడింది. డబ్బా వల్లో నీరు ఇంకడం వల్లో గానీ, గండం గడిచిందనుకున్నాను.

ఆగస్టులో చుక్క లేదు. 1901 నుంచి లెక్కల్లో దేశంలో అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదట. సరిగ్గా పూత సమయం. మధ్యాహ్నం గట్టు మీద నిలబడితే పల్లంలో సోయ ఆకులు బోర్లపడి, అడుగు వైపు తెల్లగా మెరుస్తున్నాయి. అవి సంగం ఆకులే. ఎగువన 335 ఇంకా నిలబడే ఉంది. "కొత్త రకం వరుపుకు ఆగలేదు" అని తేల్చేసి, బామ్మర్దికి ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను.

మా బోరు రెండించులు పోస్తుంది. స్ప్రింక్లర్ పైపులు అడిగి తెచ్చి, ఎక్కువ వాడిపోయిన చోటే మొదట పెట్టాను. నాలుగు రాత్రులు తడిపినా ఆకు లేవలేదు. ఐదో రోజు పొద్దున కోపంతో ఒక మొక్క పీకాను. వేరు జానెడు కూడా లేదు, పక్కలకు పాకింది. గాలిలోని నత్రజనిని మొక్కకు పట్టిచ్చే వేరు బొడిపెలు గోటితో చిదిమితే గోధుమ రంగు గుజ్జు, అంటే చచ్చినట్టే. ఇరవై అడుగులు మెరక వైపు నడిచి అదే సంగం మొక్క తీయబోతే తల్లివేరు మధ్యలో తెగింది, అంత లోతుకు దిగింది. దాని బొడిపెలు లోపల ఎర్రగా, ప్రాణంతో ఉన్నాయి. రకం ఒకటే, విత్తిన రోజు ఒకటే. జూలైలో నీళ్లలో ఊపిరాడని వేరు కిందికి దిగలేదు, ఆగస్టులో దానికి కింది తేమ అందలేదు.

వెంటనే పైపులు మెరకకు, తర్వాత 335కు మార్చాను. ఆ నాలుగు రాత్రుల నీళ్లు మాత్రం దండగే. సోయకు కొంత పూత రాలినా మళ్లీ పూస్తుంది. కాయలో గింజ నిండేటప్పుడు ఎండితే ఆ నష్టం పూడదు.

సెప్టెంబర్ మొదట్లో వాన పడింది. కాస్త ఆలస్యంగా కాయ పట్టే సంగంకు అది సరిగ్గా అందింది. 335లో అప్పటికే పట్టిన కాయల్లో చాలావాటికి ఒకటి రెండు గింజలే. చివరికి 335 ఎకరాకు ఆరున్నర క్వింటాళ్లు, మెరక మీది సంగం ఎకరాకు తొమ్మిది. పల్లం అరెకరంలో మొత్తం కలిపి క్వింటా. ఆ ఏటి మద్దతు ధర క్వింటాకు 4,600తో, మెరక దిగుబడితో పోల్చి లెక్కేస్తే ఆ గిన్నెలో పదహారు వేలు పోయాయి. అలాగని సంగమే గొప్పదనను. సెప్టెంబర్ వాన కూడా ముఖం చాటేసి ఉంటే ముందు కోతకొచ్చే 335యే గట్టెక్కేది. నీళ్లకు భరోసా లేని చేనుకు నేనిప్పటికీ అదే వేస్తాను.

మరుసటి ఏడు నాలుగు సాళ్లకొక కాలువ తీయించాను. పల్లం మూల నుంచి వాగులోకి మురుగు కాలువ కొట్టడానికి పక్క చేను పెద్దాయన్ను ఒప్పించడానికే నెల పట్టింది. బామ్మర్దికి మాత్రం ఆ నాలుగు మాటల సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు. చెబితే సాళ్ల ఎడం మాట ఎత్తుతాడు.