గుమ్మం దగ్గరే సగం పాఠం

విశాఖ ద్వారకానగర్ కోచింగ్‌లో నేను లెక్కలు చెప్పే రోజుల్లో క్లాసులో అడుగుపెడితే చాలు, పిల్లలంతా లేచి నిలబడేవారు. అరవై మంది ఉన్నా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అందులో నా పాలు కొంతే. మిగతాదంతా ర్యాంకు భయం, కట్టిన ఫీజు, ఇంట్లో నాన్న. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడికి వెళ్లాక ఈ దన్ను ఏదీ లేదు.

అక్కడ ఇయర్ 9 అంటే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఒకడు కుర్చీ వెనక కాళ్ల మీద ఊగుతుంటాడు. ఇంకొకడు పెన్ను విప్పి స్ప్రింగు ఎగరేస్తాడు. "మిస్, ఇది పరీక్షలో వస్తుందా?" అని మూడో గొంతు. పెద్ద గొడవ ఎప్పుడో గానీ రాదు. రోజూ ఉండే ఈ చిల్లర అల్లరే టీచర్ ప్రాణం తోడేస్తుంది.

ఆగస్టు సెలవుల్లో విశాఖ వచ్చి ఇవన్నీ చెబితే, ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ నములుతూ పాత స్టాఫ్ నవ్వుతారు. "ఒక్క దెబ్బ వేస్తే ఏటైపోద్ది మేడం?" ఉద్యోగం పోతుంది. అక్కడి ప్రభుత్వ బళ్లలో 1987 నుంచే కొట్టడం నిషేధం. అయినా అదేదో వాళ్ల గొప్ప అంటే నేనొప్పుకోను. మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ కూడదని దాని 17వ సెక్షన్‌లోనే ఉంది. కొట్టకపోతే మరేం చెయ్యాలో మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అంతే.

నేను అక్కడ నేర్చుకున్నది గుమ్మం దగ్గర మొదలవుతుంది. బెల్లు కొట్టే వేళకి టీచర్ తలుపు దగ్గర ఉండాలి, ఒక కన్ను కారిడార్ మీద, ఒక కన్ను క్లాసు మీద. వచ్చేవాళ్లని పేరు పెట్టి పలకరించాలి. ఎవరి మొహం వాడిపోయిందో, ఎవరు ఎవరితో పోట్లాడి వస్తున్నారో అక్కడే తెలిసిపోతుంది. అలాంటివాణ్ణి అప్పుడే పక్కకి పిలిచి రెండు మాటలు మాట్లాడితే పాఠం మధ్యలో రగడ ఉండదు. లోపల బోర్డు మీద చిన్న లెక్కలు రాసి ఉంచుతాను, కూర్చోగానే మొదలుపెట్టడానికి. ఖాళీ దొరికితేనే కదా కబుర్లు! ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కూడా నేనే ముందుగా గీసి పెట్టుకుంటాను.

అప్పటికీ వినకపోతే ఒక హెచ్చరిక, తర్వాత డిటెన్షన్, అంటే క్లాసు అయ్యాక శిక్షగా కాసేపు ఆపి కూర్చోబెట్టడం. గొంతు పెంచితే మనమే ఓడినట్టు. స్ప్రింగు పిల్లాడికి డిటెన్షన్ వేసి, పక్కన కూర్చుని లెక్క చేయించాను. సగం, పావు దాకా ఫరవాలేదు. హారాలు వేరయితే చెయ్యి ఆగిపోతోంది. ఆలోచిస్తే, భిన్నాలు వచ్చిన రోజే వాడు పెన్ను విప్పుతున్నాడు. మర్నాడు క్లాసులో వాడికి వచ్చిన మెట్టు వరకే అడిగాను. జవాబు చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ మొదటి మాట, "మళ్లీ ఏం చేశాడు?" బాగా చేశాడండీ అంటే కాసేపు నమ్మలేదు.

అందరి దగ్గరా ఇది పారదు. కొందరు ఏడాదంతా పలకరించినా తల తిప్పుకునే పోతారు. పైగా ప్రతి డిటెన్షన్‌నీ కంప్యూటర్‌లో ఎక్కించేసరికి సాయంత్రాలు ఆవిరి.

అరవై మందిని గుమ్మం దగ్గర పలకరించడం కుదిరే పని కాదని మావాళ్లంటే కాదనలేను. మెచ్చుకుంటూ ఇంటికి ఫోన్ చెయ్యడానికి ఏం అడ్డం అన్నాను. ఒక ఫిజిక్స్ మాస్టారు నిజంగానే గాజువాకలో ఒక కుర్రాడి తండ్రికి చేశారు. మీవాడు ఈమధ్య బాగా చదువుతున్నాడండీ అని చెబితే, స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసి పడుకున్న ఆయన ఉలిక్కిపడి లేచి, "రెండో టర్మ్ ఫీజు కట్టేశాం కదండీ" అన్నాడట.