నేను 20√3 పెట్టి వచ్చిన లెక్క

ఈఏపీసెట్ ఫలితాలొచ్చి నాలుగు రోజులైంది. ర్యాంకు ఎంతో ఇక్కడ చెప్పను, కోరుకున్న బ్రాంచి వస్తుందన్న ధైర్యం మాత్రం వచ్చింది. నిరుడు ఇదే వారంలో నేను గదిలోంచి బయటికి రాలేదు. ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ "మళ్లీ ఏడాదా?" అన్నవాళ్లే. ఆ ఏడాది ఎందుకు పట్టిందో ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ పనికొస్తుంది.

160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఇవన్నీ మీకు తెలిసినవే. నన్ను ముంచింది ఫిజిక్స్, అందులోనూ 'సమతలంలో చలనం'. ఆ చాప్టర్ నాకు బాగా వచ్చనుకున్నాను, అదీ అసలు సమస్య.

నిరుడు పరీక్షలో ఒక ప్రక్షేపకం లెక్క, అంటే గాల్లోకి విసిరిన వస్తువు లెక్క వచ్చింది. తీరు అదే, అంకెలు మాత్రం సులువుగా ఉండేలా నేను పెట్టినవి. 40 మీటర్ల ఎత్తున్న భవనం మీద నుంచి రాయిని సెకనుకి 20 మీటర్ల వేగంతో, క్షితిజ సమాంతరానికి 30 డిగ్రీల కోణంలో పైకి విసిరారు. భవనం అడుగు నుంచి ఎంత దూరంలో నేలమీద పడుతుంది? గురుత్వ త్వరణం జి విలువ 10.

చదవడం పూర్తికాకముందే చెయ్యి రాసేసింది. యు స్క్వేర్ సైన్ టూ తీటా బై జి. 400 ఇంటూ సైన్ 60 బై 10, అంటే 20√3. ఆప్షన్లు చూస్తే మొదటిదే అది! అర నిమిషంలో అయిపోయిందని సంబరపడి ముందుకెళ్లిపోయాను. బయటికొచ్చాక నా ఫ్రెండ్ "40√3 కదే" అంది. సరిగ్గా రెట్టింపు. నవ్వుతోందనుకున్నా. నవ్వలేదు.

నేను రాసింది వ్యాప్తి ఫార్ములా, అంటే విసిరిన వస్తువు అడ్డంగా ఎంత దూరం వెళ్తుందో చెప్పేది. అది ఎక్కడి నుంచి విసిరామో అదే మట్టానికి వచ్చి పడితేనే పనిచేస్తుంది. నా రాయి 2 సెకన్లకి డాబా మట్టానికి తిరిగొచ్చింది, అప్పటికి దూరం 20√3, దాదాపు 34.6 మీటర్లు. కిందికి ఇంకా 40 మీటర్లుంది. నేను రాయిని గాల్లోనే వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయానన్నమాట. ఆ తప్పు ఆప్షన్ అక్కడ ఊరికే లేదు, నాలాంటి వాళ్లకోసమే పెట్టారు.

తప్పు పూర్తిగా నాదేనని ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు. మాకు ఫార్ములా షీట్ ఇచ్చారు, రోజూ అప్పజెప్పించుకున్నారు. అది ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అన్నది షీట్లో లేదు. నేనూ అడగలేదు లెండి.

ఇది అర్థమైంది క్లాసులో కాదు. మా నాన్న తాపీ మేస్త్రీ. లాంగ్ టర్మ్ (మళ్లీ పరీక్ష రాసేవాళ్ల ఏడాది కోచింగ్) మొదలుకాక ముందు కొన్నాళ్లు పని దగ్గరికి క్యారేజీ నేనే తీసుకెళ్లేదాన్ని. నాన్న సారువ (గోడ పక్కన కట్టే కర్రల మంచె) మీద నిలబడితే, కింద నుంచి బాబాయ్ ఇటుకలు విసిరేవాడు. చూడకుండానే పట్టేవాడు నాన్న. చెయ్యి నొప్పెట్టదా అని అడిగితే, "పైకొచ్చి ఆగే చోట పట్టాలమ్మా. అంతకు ముందు పడితే గుద్దుతుంది, తర్వాత పడితే జారుతుంది" అన్నాడు.

పైన నిలువు వేగం సున్నా అని నేను వెయ్యిసార్లు రాసి ఉంటాను. కానీ నాన్న చేతిని చూస్తే ఇంకో సంగతి కనిపించింది. ఇటుక అందగానే చెయ్యి కొంచెం వెనక్కి లాక్కుంటున్నాడు. ఆగిపోయిన ఇటుకైతే వెనక్కి లాక్కోవడం దేనికి? అడ్డంగా వెళ్తూనే ఉంది కాబట్టి. నిలువు వేగం పోయినా అడ్డం వేగం అలాగే ఉంది. గురుత్వ త్వరణమూ ఎక్కడికీ పోలేదు, పట్టకపోతే మరుక్షణం కిందికి లాగేస్తుంది.

టేపుతో కొలిచాను (బాబాయ్ నవ్వాడు). చేతికీ చేతికీ ఎత్తు తేడా 1.8 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్లు. 1.8 మీటర్లు ఎక్కి ఆగాలంటే నిలువు వేగం సెకనుకి 6 మీటర్లుండాలి, అందుకు 0.6 సెకన్లు పడుతుంది. ఆ 0.6 సెకన్లలోనే 1.2 మీటర్లు అడ్డంగా రావాలి, అంటే సెకనుకి 2 మీటర్లు. ఇంతే. ఏ ఫార్ములా షీటూ తియ్యలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ప్రక్షేపకం లెక్కకీ పేజీ మధ్యలో నిలువు గీత గీశాను. ఒకవైపు అడ్డం, ఇంకోవైపు నిలువు. గీత దాటే హక్కు కాలానికి మాత్రమే. భవనం లెక్కలో నిలువు వైపు: పైకి ప్లస్ అనుకుంటే −40 = 10టి − 5టి². టి విలువ 4 లేదా −2. నాలుగు తీసుకుని గీత దాటితే 10√3 ఇంటూ 4, అంటే 40√3. ఆ −2 కూడా ఉత్తిది కాదు. అదే దారిలో రాయి నేలమీద నుంచే బయల్దేరి ఉంటే 2 సెకన్ల ముందు బయల్దేరేదని దానర్థం. ఇది తట్టిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఈ విడదీయడం గెలీలియో చేసిందే. 1638లో అచ్చయిన పుస్తకంలో రెండు చలనాలూ కలిస్తే దారి పరావలయం అవుతుందని చూపించాడు. మనం పరావలయం సమీకరణం బట్టీపట్టి విడదీయడం మర్చిపోతాం. 45 డిగ్రీల దగ్గర గరిష్ఠ వ్యాప్తి అన్నదీ అంతే, పడే చోటు మట్టం మారితే ఆ మాట చెల్లదు. షాట్‌పుట్ గుండు భుజం ఎత్తు నుంచి వెళ్తుంది కాబట్టి గాలి నిరోధం లేదనుకున్నా 45 కంటే తక్కువ కోణమే మేలు.

మిగతావి: మ్యాథ్స్ పాత పేపర్లు టైం పెట్టుకుని చేశాను, కెమిస్ట్రీ తెలుగు అకాడమీ పుస్తకం మూడుసార్లు తిప్పాను. ఫోన్ అమ్మ దగ్గర పెట్టేశాను. అది మీరూ చెయ్యండి. రాత్రి పదకొండింటికి రీల్స్ చూసి పొద్దున ఏకాగ్రత లేదంటే ఎవరేం చేస్తారు? కఠినంగా ఉందనుకోకండి, ఏడాది పోగొట్టుకున్న మనిషిని.

ఫలితాలొచ్చిన రోజు పని దగ్గరికే వెళ్లి చెప్పాను. నాన్న తాపీ పక్కన పెట్టి, "ఇటుకల లెక్క వచ్చిందా మరి?" అన్నాడు. వచ్చింది నాన్నా, 30, 60 డిగ్రీల్లో ఒకే వేగంతో రెండు విసిరితే ఎక్కే ఎత్తుల నిష్పత్తి అడిగారు, 1:3, ఇరవై సెకన్లు పట్టింది అన్నాను.

"ఇరవై సెకన్లకా ఏడాది చదివావు?" అని మళ్లీ మాలు అందుకున్నాడు.