కిలోమీటర్లు చూసి ఫ్లైట్ టైం లెక్కేయకండి

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్యలో ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని చూపించే సైట్లు బోలెడున్నాయి కదా, చాలావాటిల్లో జరిగేది దూరాన్ని గంటకి 800, 900 కిలోమీటర్ల స్పీడుతో భాగించి పైన ఓ అరగంట కలపడమే. రెండు మూడు గంటల ప్రయాణానికి అది సరిపోతుంది గానీ పది గంటలు దాటే ఫ్లైట్లకి మాత్రం ఆ లెక్క నమ్ముకోవద్దంటాను.

ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో తీసుకోండి. గ్లోబు మీద ఈ రెండిటి మధ్య దారం బిగించి పడితే అది రష్యా మీదుగా పైకి పోయి ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్ళి అటు దిగుతుంది, అతి దగ్గరి దారి అదే, దాదాపు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది, అటు సుమారు 13,900. 2016 అక్టోబర్‌లో విమానాన్ని తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు, దూరం 15,300కి పెరిగింది, కానీ పద్నాలుగున్నర గంటల్లో దిగిపోయింది, పాత దారికంటే దాదాపు రెండు గంటలు ముందే!

ఇదంతా గాలి మహిమ. పది కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది, చలికాలంలో ఇంకా జోరుగా. తూర్పుకి వెళ్ళేవాళ్ళని వెనక నుంచి తోస్తుంది, పడమరకి వెళ్తే ఎదురుగాలే. న్యూయార్క్–లండన్ 5,540 కిలోమీటర్లు, మామూలుగా ఆరు గంటలు దాటే ఈ ప్రయాణం 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలికి ఒక విమానానికి 4 గంటల 56 నిమిషాల్లో అయిపోయింది, అదే తిరుగు ప్రయాణానికి ఏడు గంటలు ఈజీగా పడుతుంది.

గాలి ఒక్కటే కాదు, ఏ దేశం మీదుగా ఎగరనిస్తారన్నది కూడా ఉంది. 2022లో యూరప్ విమానాలకి రష్యా గగనతలం మూసేశాక హెల్సింకి–టోక్యో ఫ్లైట్ తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటలకి పోయింది, రెండు ఊళ్ళూ ఉన్నచోటే ఉన్నాయి మరి.

టికెట్ మీద టైం చూసేటప్పుడు ఇంకోటి, బయల్దేరే టైం బయల్దేరే ఊరిది, దిగే టైం దిగే ఊరిది. సింగపూర్–న్యూయార్క్ 15,300 కిలోమీటర్లు, దాదాపు 18 గంటల 45 నిమిషాలు. చలికాలంలో సింగపూర్ 13 గంటలు ముందుంటుంది కాబట్టి మధ్యాహ్నం 12కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 5:45కి దిగినట్టు కనిపిస్తుంది, చూసేవాళ్ళు ఆరు గంటల ప్రయాణం అనుకుంటారు పాపం. పైగా ఆ గంటల్లో విమానం ఇక్కడ గేటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా అంతా కలిపే ఉంటుంది, గాల్లో ఉండేది అంతకంటే తక్కువే.

అందుకే కనెక్టింగ్ ఫ్లైట్ పెట్టుకునేవాళ్ళు దూరం వదిలేసి, మీరు వెళ్ళే నెలలో ఎయిర్‌లైన్ ఇచ్చిన టైమే చూడండి, వెళ్ళేటప్పటిది వేరేగా, వచ్చేటప్పటిది వేరేగా.