ఎడారిలో మూడు ట్యాంకుల కాపురం

అమెరికాలో రిటైరైన మన తెలుగువాళ్ళలో చాలామందికి చలికాలమంటే హైదరాబాద్ టికెట్టే. డిసెంబర్‌లో విమానమెక్కి, సంక్రాంతీ శివరాత్రీ చూసుకుని, అక్కడ ఎండలు ముదిరేలోపు తిరిగొస్తారు. మేమూ అంతే. అమ్మ పోయాక తమ్ముడు తెనాలి ఇల్లు అమ్మేశాడు. ఆ తర్వాత వెళ్ళినా చుట్టాలిళ్ళ మధ్య సూట్‌కేసులు మోసుకు తిరగడమే. "ఎలాగూ సూట్‌కేసులో బతికేదానికి బండిలో బతికితే పోలే?" అన్నారు మా ఆయన. డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో చేసి రిటైరైన మనిషి. ఏ సమస్యకైనా ఆయన చెప్పే జవాబు ఒక వాహనం.

కొన్నది 24 అడుగుల సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్. క్లాస్ సి అంటారు: ముందు వ్యాన్ ముఖం, డ్రైవర్ నెత్తిమీద ఒక మంచం, వెనక వంటగట్టు, బాత్రూమ్, పడక. చలికి దక్షిణాదికి దిగే మాలాంటి ముసలివాళ్ళకి ఇక్కడ స్నోబర్డ్స్ అని పేరు. మా మిషిగన్‌వాళ్ళు ఎక్కువగా ఐ-75 హైవే పట్టుకుని ఫ్లోరిడా పోతారు. మా మోకాళ్ళకి తేమ పడదు, పొడి ఎండ కావాలి. అందుకని ఆరిజోనా.

క్రిస్మస్ మనవలతో గడిపి బయల్దేరాం. గడ్డకట్టే చలిలో బయల్దేరే బండిలో నీళ్ళుండవు. పైపులు పగలకుండా గులాబీరంగు యాంటీఫ్రీజ్ నింపి ఉంచుతారు. కుళాయీ షవరూ ఎదురుగా ఉన్నా, వెచ్చటి ప్రాంతం వచ్చేదాకా చేతులు కడగడానికి సీసా నీళ్ళు, మిగతావాటికి ట్రక్ స్టాపులు. రోజుకి 300 మైళ్ళు మించకూడదు, మధ్యాహ్నం 3 కల్లా ఆగిపోవాలి, ఆగినచోట 3 రోజులుండాలి అని ఈ దారిలో పాతకాపులు చెబుతారు. మొదటి రెండూ పాటించాం. జనవరిలో ఓక్లహోమాలో మూడు రోజులుండి ఏం చేస్తాం?

సెయింట్ లూయిస్ దాటి ఓక్లహోమా సిటీ దాకా చెప్పుకోదగ్గదేం లేదు. టెక్సస్ నెత్తిన, అమరిల్లో దగ్గర మాత్రం గాలి. కొండా చెట్టూ అడ్డులేని నేల. పక్కనుంచి ఒక్క విసురు విసిరితే ఇంత ఎత్తు బండి లేన్ దాటబోతుంది. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే నేను సీటు పట్టుకున్నాను. చివరికి ఒక రెస్ట్ ఏరియాలో ఆపి, గాలి తగ్గేదాకా కూర్చున్నాం. లోపల పోపు డబ్బాలు వాటంతటవే సర్దుకుంటున్న చప్పుడు వింటూ.

మ్యాప్ చూస్తే ఐ-40 మీదే ఆరిజోనాలోకి పోవచ్చనిపిస్తుంది. కానీ ఆ దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, జనవరిలో మంచు. అందుకే అల్బకర్కీలో ఐ-25 ఎక్కి కిందికి దిగాం. అలా దిగితే హ్యాచ్ తగులుతుంది, న్యూ మెక్సికో మిరపకాయల ఊరు. కొట్ల ముందు ఎండుమిర్చి దండలు. ఒక దండ కొన్నాను. రంగు, వాసన బాగున్నాయి, ఘాటు తక్కువ. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, ఇంతకుమించి మెచ్చుకోలేను. ఐ-10 మీద ఆరిజోనా పల్లానికి దిగాకే పైపులు కడిగి నీళ్ళు నింపాం. మారికోపాలో మహాగణపతి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, క్వార్ట్‌జ్‌సైట్ చేరాం.

క్వార్ట్‌జ్‌సైట్‌లో ఉండేవాళ్ళు నాలుగు వేలలోపే. చలికాలంలో చుట్టూ ఎడారంతా బండ్లే. ఊరి దక్షిణాన హైవే 95కి అటూ ఇటూ లా పోసా అని ఫెడరల్ ప్రభుత్వ భూమి, 11 వేల ఎకరాల పైన. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి మేం వెళ్ళినప్పుడు పర్మిట్ 180 డాలర్లు. నంబర్ వేసిన స్థలాలుండవు, కరెంటుండదు. నచ్చినచోట ఆపుకోవడమే. నీళ్ళు పట్టుకోవడానికీ, మురుగు వదలడానికీ మాత్రం ఒకచోట ఏర్పాటుంది.

అసలు సంసారమంతా ఈ నీళ్ళూ మురుగుల లెక్కే. మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. వంటగట్టు, షవర్ నీళ్ళు పోయేది గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. నీళ్ళయిపోతే తెచ్చుకోవచ్చు. గ్రే ట్యాంకు నిండితే బండి కదిలించాల్సిందే, బండి కదిలిస్తే సామానంతా సర్దాల్సిందే. అందుకని గిన్నెలు కడగడం తగ్గించి కాగితంతో తుడవడం పెంచాను. జిడ్డు గిన్నెలకి భయపడి వేపుళ్ళు మానేశాం, డాక్టర్ ఎన్నేళ్ళుగా చెప్పినా జరగని పని. బ్లాక్ ట్యాంకు ఆయన శాఖ. గ్లవ్స్ వేసుకుని ఆ గొట్టం పట్టుకెళ్ళేటప్పుడు నేను ఎటో చూస్తాను.

సోలార్ బ్యాటరీలకి కరెంటు కుక్కర్ లాగే శక్తి లేదు. మన విజిల్ కుక్కరే గ్యాస్ మీద పెట్టాను. మొదటి విజిల్‌కి పక్కబండి పెద్దాయన, సస్కాచువాన్ కెనడియన్, గ్యాస్ లీకేమోనని పరుగెత్తుకొచ్చాడు. మూడో విజిల్‌కి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఇక ఇడ్లీ పిండి! మిషిగన్ చలికాలంలో ఓవెన్‌లో లైటేసి పెట్టినా కదలని పిండి, ఇక్కడ డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే సాయంత్రానికి గిన్నె దాటింది. ఒక్క ఇడ్లీ కోసమే ఇన్ని మైళ్ళు రావచ్చని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోరు, తినడం మాత్రం ఆపరు.

భోగికి మంట వేశాం. అక్కడ పుల్లలు ఏరడం నిషేధం, ఊళ్ళో కట్టెలు కొనుక్కోవాలి. రోజూ చలిమంట వేసుకునే జనమే కాబట్టి మా మంటని ఎవరూ వింతగా చూడలేదు, పొద్దున్నే వేశామేమిటని తప్ప. సంక్రాంతి ముగ్గు నిలవలేదు, నేలంతా గులకరాళ్ళు. పొంగలి మాత్రం చుట్టూ ఐదు బండ్లకి పంచాను. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో బండ్ల ప్రదర్శన మొదలవుతుంది, పెద్ద డేరా వేసి. రోడ్డు నిండా జాతరే. ఆ సందడి తప్పించుకోవడానికి ఊరి శ్మశానానికి వెళ్ళాం. అక్కడ పిరమిడ్ ఆకారపు సమాధి, దాని మీద లోహపు ఒంటె. 1856లో అమెరికా సైన్యం ప్రయోగంగా ఎడారి రవాణాకి ఒంటెల్ని దింపినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీది. ఇక్కడివాళ్ళు హై జాలీ అన్నారు. ప్రయోగం ఆగిపోయింది, ఆయన మాత్రం ఉండిపోయి 1902లో ఈ ఊళ్ళోనే పోయాడు. ఆ రాళ్ళ ముందు చాలాసేపు నిలబడ్డాం.

ఫిబ్రవరిలో ఆయన పన్ను విరిగింది. ఒరిజినల్ మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఏ రాష్ట్రంలోనైనా, దాన్ని తీసుకునే డాక్టర్ దగ్గర పనికొస్తుంది గానీ మామూలు పళ్ళ వైద్యానికి పైసా ఇవ్వదు. స్నోబర్డ్స్ దీనికి కనిపెట్టిన మార్గం లాస్ ఆల్గోడొనెస్. యూమా దాటాక అమెరికా వైపు పార్కింగ్‌లో బండి పెట్టి, నడిచి మెక్సికోలోకి పోవడమే. ఆ చిన్న ఊళ్ళో ఎటు చూసినా పళ్ళ డాక్టర్లే, ఖర్చు అమెరికాలోకంటే చాలా తక్కువ. యూమా చుట్టూ కొలరాడో నది నీళ్ళతో పండే లెట్యూస్ పొలాలు. ఎడారి మధ్య ఆ పచ్చదనం చూస్తే కృష్ణా కాలవ కింది ఊళ్ళో పెరిగినదానికి ప్రాణం లేచొచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు బోర్డర్ దగ్గర పెద్ద క్యూ, అందులో సగంమంది దవడలు పట్టుకున్నవాళ్ళే. పాస్‌పోర్టులు చూపించి బయటపడ్డాక క్వార్ట్‌జ్‌సైట్ దాకా నేనే నడిపాను. మత్తింజెక్షన్ ధర్మమా అని ఆయన నోట మాట లేదు, నా డ్రైవింగ్‌కి వంకలూ లేవు. ఊరి దీపాలు కనిపించే వేళకి మత్తు దిగింది.

"గ్రే ట్యాంకు ఎంత నిండిందో చూశావా?" అన్నారు.