నీళ్ల పగ: రెండో విడత షూటింగ్ లెక్కలు

అక్టోబరు మొదటి సోమవారం దక్షిణ ఆస్ట్రేలియాలో సెలవు. దానికి ముందు శుక్రవారం కూడా సెలవు పెట్టి, 'నీళ్ల పగ' అనే మా పొట్టి సినిమా షూటింగ్ కోసం తెల్లవారుజామునే ఆడిలైడ్‌లో బయలుదేరాం. ఐదుగురం, రెండు కార్లు, ఒక అరువు కెమెరా. మేం వెళ్లే బ్రోకెన్ హిల్ పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది, 500 కిలోమీటర్ల పైమాటే. దారిలో యుంటాలో ట్యాంకు నింపుకోవాలి, పొద్దు వాలేలోగా చేరిపోవాలి. చీకట్లో కంగారూ అడ్డం వస్తే సినిమా అక్కడితో సరి.

కథ పదకొండు నిమిషాలు. భార్యనో కుక్కనో చంపితే హీరో బయలుదేరడం చూసీ చూసీ విసుగొచ్చింది. మా కథలో దొంగలు గొర్రెల కాపరి నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి పోతారు, అతని అన్న దాహంతో చనిపోతాడు. ఆ నేల మీద ఇంతకన్నా పెద్ద నేరం నాకు తోచలేదు. న్యూ సౌత్ వేల్స్‌లో బొమ్మ తుపాకీకైనా, అది నిజందానిలా ఉంటే, అనుమతి కావాలి. అందుకే మా హీరో చేతిలో వీల్ స్పానర్ పెట్టాం. పోరాటం దానివల్లే బాగుపడింది: తుపాకీ అయితే దూరం నుంచి కాల్చేసి పోయేవాడు, స్పానర్ కాబట్టి దగ్గరికి రాక తప్పలేదు.

సిల్వర్టన్ దాటాక వచ్చే ముండీ ముండీ మైదానంలో 1981లో మ్యాడ్ మ్యాక్స్ రెండో భాగం తీశారు. ఆ దిగంతం అందరికీ తెలిసిపోయింది కాబట్టి వదిలేశాం. ఒక గొర్రెల ఫారం యజమానిని అడిగి ఆయన పొలం దారిలోనే తీసుకున్నాం. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: తెరిచి ఉన్న గేటు తెరిచే ఉండాలి, మూసి ఉన్నది మూసే ఉండాలి. 1979 నాటి మొదటి భాగంలో పగలగొట్టడానికి దర్శకుడు జార్జ్ మిల్లర్ తన సొంత వ్యానే ఇచ్చేశాడు. నా కారుకు ఇంకా రెండేళ్ల వాయిదాలున్నాయి.

అందుకని వేగం దొంగతనం చేశాం. గుంతల దారిలో కారు 40 దాటలేదు. ఎడిటింగ్‌లో ఒకటిన్నర రెట్లు చేస్తే 60లా కనిపిస్తుంది. అయితే షట్టర్ మామూలుగా సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచితే కదలిక తునకలు తునకలుగా వస్తుంది. 1/30కి దించితే చక్రాల చుట్టూ కావలసినంత మసక వస్తుంది. కారు వెనక దుమ్ముకు ఇండియన్ కొట్టులో కొన్న ముల్తానీ మట్టి వాడాం. సినిమావాళ్లు వాడేదీ అదే. కానీ అది మరీ తెల్లగా ఉంది, అక్కడి నేల ఇటుక రంగు. ఫారంలోని మట్టిని పిండి జల్లెడతో జల్లించి, మూడు పాళ్లకు ఒక పాలు ముల్తానీ కలిపితే కుదిరింది. చల్లేవాళ్లకు మాస్కు తప్పనిసరి. లెన్సు మీద పడ్డ దుమ్మును మాత్రం గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. రబ్బరు బుడ్డితో ఊదాలి.

రక్తం దగ్గర బోల్తా పడ్డాం. గోల్డెన్ సిరప్ అనే చక్కెర పాకం, ఎర్ర రంగు, కాస్త కోకో పొడి కలిపాను. చూడటానికి అద్భుతం. విలన్ వేషం వేసిన మా బావ నేల మీద పడి రెండు నిమిషాలైనా కాలేదు, కాలు ఆడించాడు.

"బావా, నువ్వు చచ్చిపోయావు, కదలకు."

"చచ్చినవాణ్ణి కూడా చీమలు కుడతాయిరా!"

లేపి చూస్తే మెడ నిండా చీమలు, వాటిపైన ఈగలు. ఆ రాత్రి అర లీటరు నీళ్లలో రెండు చెంచాల మొక్కజొన్న పిండి వేసి గంజి కాచి, రంగు, చిటికెడు కాఫీ పొడి కలిపాం. తీపి లేదు, చీమలూ రాలేదు.

ఆదివారం మరో తమాషా. ఆ వేళ వేసవి కాలమానం మొదలై గడియారాలు గంట ముందుకు జరుగుతాయన్న సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. ఐదుకు అలారం మోగింది, సూర్యుడు ఆరున్నర దాటాక వచ్చాడు. గంటన్నర సేపు దుప్పట్లు కప్పుకుని టీ తాగాం. వెలుగు పనికొచ్చేది పదింటిదాకానే, ఆ తర్వాత టోపీ నీడలో ముఖమే కనిపించదు. మధ్యాహ్నాలు డ్రోన్‌కు వదిలేశాం: 120 మీటర్లు మించకుండా, సంబంధం లేని మనుషులకు 30 మీటర్ల దూరంలో.

మాటలు పనికిరావు. మైకుకు బొచ్చు కవరు తొడిగినా అంతా గాలి హోరే. బీరువాలో బట్టల మధ్య తల పెట్టి డబ్బింగ్ చెప్పుకుంటాం. ఇప్పటికి 1,310 డాలర్లు అయ్యాయి, సగానికి పైగా పెట్రోలే.

ఇంకా రెండు షాట్లున్నాయి, రెండూ బావ బతికి ఉన్నప్పటివి. ఇక్కడ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అప్పుడు అక్కడ నిలబడలేం కాబట్టి ఏప్రిల్‌కు వాయిదా వేశాం. అప్పటిదాకా బావ ఆ గడ్డం తీయకూడదు. అక్కకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.