ఇంగ్లండ్‌లో క్యాథలిక్ ప్రైమరీ స్కూల్: సీటు నుంచి సత్ప్రసాదం దాకా

మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద మేము ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్‌కి వచ్చేసరికి పాపకి మూడేళ్లు దాటాయి. మాది గుంటూరు జిల్లాలో తరాల నుంచీ కథోలిక కుటుంబం. పాపని క్యాథలిక్ స్కూల్లోనే వేయాలన్నది ముందు నుంచీ మా కోరిక. మన దగ్గర కాన్వెంటు అనగానే ఫీజులు గుర్తొస్తాయి. ఇక్కడ క్యాథలిక్ ప్రైమరీ స్కూళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వ నిధులతోనే నడుస్తాయి, ఫీజు ఉండదు. 1944 విద్యా చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. మత బోధన, ఎవరికి ముందు సీటు ఇవ్వాలన్న నియమాలు చర్చి పద్ధతిలో ఉంటాయి.

నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో పిల్లలు రిసెప్షన్ క్లాసులో, అంటే ఇక్కడి స్కూల్ మొదటి ఏడాదిలో చేరతారు. దానికి ఆ ఏడాది జనవరి 15 లోపు స్థానిక కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అప్లై చేయాలి. సీటు ఎక్కడ వచ్చిందో ఏప్రిల్ 16న చెబుతారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిది రెండో ఫారం. దాన్ని సప్లిమెంటరీ ఫారం అంటారు, కౌన్సిల్‌కి కాకుండా నేరుగా స్కూల్‌కి ఇవ్వాలి. జ్ఞానస్నానం సర్టిఫికెట్ దానికే జత చేయాలి. అది అందకపోతే పిల్లల్ని కథోలికులుగా లెక్కించరు, వరుసలో బాగా కిందికి పోతారు. చిన్న క్లాసుల్లో ఒక టీచరుకి 30 మందికి మించకూడదని చట్టం ఉంది కాబట్టి, సీట్లు అయిపోయాక బతిమాలితే వచ్చేది కాదు.

మాకు చిక్కు వచ్చింది పేరు దగ్గర. మా ఊరి విచారణ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) రిజిస్టర్‌లో పాపకి పునీతురాలి పేరు ఒక్కటే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఇంకో పేరు ఉన్నాయి. మనవైపు ఇది మామూలే, ఎవరూ పట్టించుకోరు. ఇక్కడి ఆఫీసులో కూర్చున్నవాళ్లకి మాత్రం ఇద్దరు పిల్లల్లా కనిపిస్తుంది. మా నాన్న ఊళ్లో ఫాదర్ గారిని కలిసి విషయం చెబితే, రిజిస్టర్ పేజీ నంబరుతో కొత్త సర్టిఫికెట్ రాసి, రెండు పేర్లూ ఒకే బిడ్డవని లెటర్‌హెడ్ మీద సంతకం, సీలు వేసి పంపారు. ఇక్కడి విచారణ గురువులు అది చూసి వెంటనే ఒప్పుకున్నారు. అయినా ఏప్రిల్ దాకా టెన్షన్ పోలేదు. ఆ రోజు ఈమెయిల్ చూసి మా ఆవిడ నైట్ డ్యూటీ నుంచి వచ్చిన నిద్రమత్తులోనే ఊరికి ఫోన్ చేసింది.

సీటు వచ్చేసింది, ఇక దింపి రావడమే మన పని అనుకుంటాం. మా చిన్నప్పుడు అమ్మానాన్నలు స్కూల్ గేటు దాటేది ప్రోగ్రెస్ కార్డు సంతకానికే. ఇక్కడ మొదటి టర్మ్ నుంచే పిలుపులు మొదలయ్యాయి. హార్వెస్ట్ పండగకి టిన్నులూ పాస్తా ప్యాకెట్లూ పంపమన్నారు, అవి ఊళ్లోని ఫుడ్ బ్యాంకుకి వెళ్తాయి. క్రిస్మస్‌కి చిన్న క్లాసులవాళ్ల నేటివిటీ (యేసు పుట్టుక) నాటకం, ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్కాలంలో పెద్ద పిల్లల సిలువ మార్గం, కాఫడ్ అనే క్యాథలిక్ సేవా సంస్థ ఉపవాస దినాన సూపూ రొట్టే తిని మిగిలిన డబ్బు పేద దేశాలకి పంపడం. మినీ విన్నీస్ అని పిల్లల బృందం కూడా ఉంది. సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీకి పిల్లల రూపం. మా ఊరి గుళ్లో ఆ సంఘం పెద్దలు ముసలివాళ్లకి బియ్యం పంచడం చూస్తూ పెరిగాను. ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లలు వృద్ధాశ్రమానికి కార్డులు రాస్తుంటే చూడటం నాకెంత సంతోషమో చెప్పలేను.

నేను షిఫ్టులు మార్చుకోగలను కాబట్టి వారానికో పూట పిల్లల చేత పుస్తకాలు చదివించడానికి పేరిచ్చాను. దానికి డీబీఎస్ అని నేరచరిత్ర తనిఖీ ఉంటుంది. వలంటీర్లకి ఉచితమే. ఐడీ, అడ్రస్ కాగితాలు చూపిస్తే చాలు. ఆ తర్వాత పేరెంట్స్ సంఘంలోకి పిలిచారు. సమ్మర్ ఫెయిర్‌లో పోలిష్, మలయాళీ, నైజీరియా, ఐరిష్ కుటుంబాలన్నీ తలో వంటా తెస్తాయి. మేము పులిహోర అన్నాం.

పులిహోర చేయడం ఒక ఎత్తు, దానికి చీటీ రాయడం ఒక ఎత్తు. స్కూల్లోకి పల్లీలూ జీడిపప్పూ రానివ్వరు, కాబట్టి అవి తీసేశాం. అక్కడితో అయిపోలేదు. ఇక్కడ తప్పనిసరిగా చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు ఉన్నాయి! నువ్వులూ ఉన్నాయి. డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, అంటే అదీ రాయాలి. పోపులో ఆవాలు లేకుండా పులిహోర ఏంటని మా ఆవిడ ససేమిరా అంది. చివరికి ఇంగువ, నువ్వులు మానేసి, "ఆవాలు ఉన్నాయి" అని పెద్దక్షరాలతో రాసి ట్రే ముందు పెట్టాం. ఆ చీటీ చదివి ఒకావిడ తన కొడుక్కి వద్దని, తను మాత్రం రెండుసార్లు పెట్టించుకుంది. నియమం ఎందుకో అప్పుడు బాగా అర్థమైంది. ఆ పిల్లాడికి మేము చీటీ రాయకపోతే ఏమయ్యేదో!

అన్నిటికన్నా నా మనసు నిండింది అక్టోబర్ జపమాల మాసంలో. పిల్లలు ఒక్కొక్కరూ తమ ఇంటి భాషలో ఒక మంగళవార్త జపం చెప్పాలన్నారు. మా పాపకి తెలుగు మాటలు వచ్చు, చదవడం రాదు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో వాళ్ల నాయనమ్మ ఒక్కో ముక్కా చెప్పేది, పాప తిరిగి అనేది. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" దగ్గర నాలుక తిరగక విసుక్కునేది. నాయనమ్మ గుణదల మాత ఫొటో చూపించి, మీ నాన్నని ఎత్తుకుని ఫిబ్రవరి తిరునాళ్లకి ఈ కొండే ఎక్కానని కథ చెప్పి మళ్లీ మొదలుపెట్టించేది. హాల్లో పోర్చుగీసు తర్వాత మా పాప వంతు వచ్చింది. ఎక్కడా ఆగకుండా చెప్పింది. తెలుగు అనే భాష ఉందని ఆ హాల్లో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఇయర్ త్రీలో, అంటే ఏడెనిమిదేళ్ల వయసులో, మొదటి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్). ఊళ్లో అయితే సిస్టర్ గారు జపాలన్నీ కంఠతా పట్టించేవారు, తల్లిదండ్రులు కొత్త బట్టలు కుట్టిస్తే సరిపోయేది. ఇక్కడ మాకూ క్లాసులే. విచారణలో వలంటీర్లు నడిపే క్లాసులకి మేమూ వెళ్లి కూర్చోవాలి, ఇంట్లో పాపతో కలిసి వర్క్‌బుక్ నింపాలి. తపస్కాలంలో మొదటి పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), మే నెలలో సత్ప్రసాదం. ఈ పద్ధతే మంచిదని నా గట్టి అభిప్రాయం. పూజలో ఏ భాగం ఎందుకో నాకే చాలావరకు ఇప్పుడు తెలిసింది. ఆ శనివారం పాప స్నేహితురాలు, ఒక సిక్కు అమ్మాయి, వాళ్లమ్మతో వచ్చి మా వెనక వరసలో కూర్చుంది. సోమవారం తెల్లగౌనులు మళ్లీ వేసుకుని స్కూల్‌కి వెళ్తే క్లాసంతా కలిసి కేక్ కోశారు.

ఈ మధ్య కొత్తగా వస్తున్న తెలుగు నర్సుల కుటుంబాలు నన్ను అడుగుతున్నాయి కాబట్టి ఒక మాట. ఊరు వదిలే ముందే జ్ఞానస్నానం సర్టిఫికెట్ పాస్‌పోర్టు పేరుతో సరిచూసి తెచ్చుకోండి. ఇక్కడికి రాగానే మీ ఇల్లు ఏ విచారణ కిందికి వస్తుందో కనుక్కుని పేరు నమోదు చేయించుకోండి, దాన్నిబట్టే చాలా స్కూళ్లు వరుస కడతాయి. చలికాలానికి ముందే స్కూళ్లు తల్లిదండ్రుల్ని పిలిచి చూపిస్తాయి, తప్పక వెళ్లండి. కథోలికులు కాని మన స్నేహితులు కూడా అప్లై చేయవచ్చు. సీట్లు మిగిలితే ఇవ్వాల్సిందే, మా పాప క్లాసులో అలా వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.