పక్కకు జరిగితేనే ఫౌల్

మా అమ్మాయి ఇక్కడ డల్లాస్‌లో స్కూల్ టీమ్‌కు బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పాయింట్లు పెద్దగా వేయదు. తన పనిలో ఎక్కువ భాగం స్క్రీన్ పెట్టడమే. అంటే తోటి ప్లేయర్‌ను వెంటాడే డిఫెండర్ దారిలో ముందుగా వెళ్లి కదలకుండా నిలబడటం. గ్యాలరీలో కూర్చున్న మనం బంతినే చూస్తాం కాబట్టి ఇది కంట పడదు. ఎవరో వచ్చి పిల్లను ఢీకొట్టాకే రిఫరీ మీద కోపం వస్తుంది.

అరిచే ముందు నియమం తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం. అమెరికా హైస్కూల్ ఆటకు నియమాలు రాసేది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సమాఖ్య. దాని ప్రకారం స్క్రీన్ పెట్టినవాళ్లు తగిలే సమయానికి నిలకడగా ఉండాలి, కాళ్లు సుమారు భుజాల వెడల్పులో ఉండాలి. డిఫెండర్ తప్పుకుంటుంటే తుంటి తోసినా, మోకాలు అడ్డం పెట్టినా, తనూ అటు జరిగి తగిలినా ఫౌల్. తగలకపోతే మాత్రం ఫౌల్ లేదు. "కదిలింది, కదిలింది" అని కేకలేస్తారు కానీ, తగలకుండా ఊరికే కదిలితే తప్పు కాదు.

ఆగి ఉన్న డిఫెండర్‌కు ఎదురుగానో పక్కనో అయితే తగలనంత వరకు ఎంత దగ్గరగానైనా నిలబడవచ్చు. వెనక, కనపడని చోట అయితే ఒక మామూలు అడుగు వదలాలి. పరిగెత్తేవాళ్లకు ఆగడానికో తప్పుకోవడానికో చోటివ్వాలి, అది రెండు అంగలకు మించక్కర్లేదు.

ఇదంతా గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకు వివరించింది అమ్మాయే. ఒక మ్యాచ్‌లో అవతలి పిల్ల చూసుకోకుండా వచ్చి తనను గట్టిగా గుద్దుకుంది. విజిల్ పడలేదు. "అంతలా గుద్దితే అడిగేవాళ్లే లేరా?" అని మా అమ్మ బాధపడింది.

"నేను ముందే నిలబడ్డా నానమ్మా, తనకి స్పేస్ వదిలా. తను చూడలేదంతే. తగలగానే ఆగింది, నన్ను తోసుకుని వెళ్లలేదు. అందుకే ఎవరి ఫౌలూ కాదు."

హాల్లో నానమ్మను అటు తిరిగి నిలబడమని, వెనక ఒక అడుగు వదిలి తను నిలబడి చూపించింది. స్కూల్ గురించి అడిగితే "ఫైన్" అని లేచిపోయే పిల్ల అంతసేపు తెలుగులో మాట్లాడింది. తెలుగు మాట్లాడమని బతిమాలే బదులు, పిల్లలకు బాగా తెలిసిన విషయం ఏదో అడిగి చెప్పించుకోవడం మేలనిపించింది.

మన ఇళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లలకు, "అడ్డం రాకు, పక్కకు జరుగు" అని చెప్పి పెంచుతాం. పెద్దవాళ్లకు దారివ్వడం మంచి అలవాటే, అది పోకూడదు. కానీ మొదట్లో మా అమ్మాయికి పడిన ఫౌల్స్‌లో చాలావరకు ఆ అలవాటు వల్లే. ఎవరైనా మీదికి వస్తుంటే అర అడుగు పక్కకు జరిగేది, వాళ్లూ అటే తప్పుకునేవాళ్లు, తగిలేది. తన పేరున ఒక ఫౌల్, బంతి అవతలి టీమ్‌కి. కోచ్ ఎంతో ఓపికగా తనకు నేర్పింది ఒకటే: న్యాయంగా ముందు వచ్చి నిలబడిన చోటు నీది, జరగకు.

ఇప్పుడు నా పక్కన కూర్చునే తల్లిదండ్రులకు నేను చెప్పేది కూడా చిన్న విషయమే. కాసేపు బంతిని వదిలేసి స్క్రీన్ పెట్టే పిల్ల పాదాలు చూడండి. బంతికి దూరంగా ఉన్న రిఫరీ చూస్తున్నదీ అదే.